గమ్మునుండే వాళ్ళు

మా వైపు ఒక మాట ఉంది. గమ్మునుండు. ఊరుకో, నోరు మెదపకు, కదలకుండా కూర్చో, వదిలెయ్, తలదూర్చకు, సరేలే బాధపడకు – ఇన్నిటికీ అదొక్కటే సరిపోతుంది. తిరుపతి, శ్రీకాళహస్తి, పుత్తూరు చుట్టుపక్కల పుట్టినవాళ్ళకి నేను వివరించక్కర్లేదు. అరవంలోనూ దాదాపు ఇదే మాట ఉంది కాబట్టి సరిహద్దుకి అటువైపు వాళ్ళకీ అక్కర్లేదు. ఏడ్చే బిడ్డని ఒళ్ళో వేసుకుని అవ్వ అనేది అదే. గట్టు తగాదాలో గొంతు పెంచిన కొడుకుతో నాయన అనేది అదే. ఏదో ఒక ఆఫీసులో రెండోసారి గట్టిగా అడిగిన మనిషితో బల్ల అవతల ఉన్నాయన అనేదీ అదే. చెప్పే గొంతుని బట్టి అది లాలి అవుతుంది, సలహా అవుతుంది, బెదిరింపూ అవుతుంది. వినేవాడు చెయ్యాల్సిన పని మాత్రం మూడుచోట్లా ఒకటే.

దీని పక్కన ఇంకో మాట పెట్టి చూడండి. పిరికోడు. మొదటిది ముందుగా చెప్పేది, రెండోది అంతా అయిపోయాక అనేది. తమాషా ఏమిటంటే రెండూ చాలాసార్లు ఒకే నోటి నుంచి వస్తాయి. పదిహేనేళ్ళు వచ్చేదాకా గమ్మునుండమని పెంచిన ఇంట్లోనే, వాడికి పాతికేళ్ళు వచ్చాక, ఆఫీసులో జీతం పెంచమని అడగలేకపోయాడనో, నచ్చిన పిల్ల సంగతి చెప్పలేకపోయాడనో, ‘వీడికి బొత్తిగా ధైర్యం లేదు’ అని చుట్టాల ముందు నవ్వుతారు. ఆడపిల్లల విషయంలో ఆ నవ్వు కూడా ఉండదు. వాళ్ళు గమ్మునుంటే దాన్ని పిరికితనం అనరు, అణకువ అంటారు, సంబంధాలు మాట్లాడేటప్పుడు అదొక అర్హత కింద చెప్పుకుంటారు.

కొంతకాలంగా నేను ఈ పిరికితనం అనే మాట దగ్గర ఆగిపోతున్నాను. అది మనిషిలో ఉండే గుణమా, మనిషి మీద మనమిచ్చే తీర్పా? తెలుగులో దాని చుట్టూ చాలా మాటలున్నాయి. అన్నీ ఒకటి కావు. బెరుకు కొత్తదనానికి సంబంధించింది. సంత నుంచి తోలుకొచ్చిన ఆవు దొడ్లో రెండు రోజులు బెరుగ్గా నిలబడుతుంది, మూడో రోజు కుడితి తాగుతుంది. బిడియం నలుగురి చూపుకి సంబంధించింది, ఒంటరిగా ఉన్న మనిషికి బిడియం ఉండదు. జంకు అంటే వెయ్యబోయిన అడుగు గాల్లో ఆగడం. భయం ఒంటిది, అరచేతులు చెమట పట్టడం, నోరెండిపోవడం. ఈ నాలుగూ మనం మన గురించి చెప్పుకోగలం. ‘నాకు భయమేసింది సామీ’ అని ఎంత మొనగాడైనా అంటాడు. ‘నేను పిరికివాణ్ణి’ అని చెప్పుకునేవాళ్ళు అరుదు. ఆ మాట ఎప్పుడూ పక్కవాడు అంటాడు, అదీ మనిషి లేనప్పుడు.

అంటే అది తీర్పే. తీర్పయితే సాక్ష్యం చూడాలి కదా? ఆ మనిషి నోరు విప్పితే ఏం పోతుంది, పోయినదాన్ని తిరిగి తెచ్చుకునే దారి ఉందా, ఆ సమయానికి వాడి పక్కన ఎవరున్నారు – ఇవేవీ అడక్కుండానే మనం ఆ మాట అనేస్తాం. పరుగెత్తినవాడి వీపు కనబడితే చాలు.

బళ్ళో మనందరికీ చెప్పిన పద్యం ఒకటి ఉంది, భర్తృహరి సుభాషితానికి ఏనుగు లక్ష్మణకవి చేసిన తెలుగు. విఘ్నాలు వస్తాయని భయపడి పని మొదలే పెట్టనివాళ్ళు నీచులు, మొదలుపెట్టి అడ్డంకి రాగానే వదిలేసేవాళ్ళు మధ్యములు, ఎన్ని దెబ్బలు తగిలినా వదలనివాళ్ళు ధీరులు అని దాని భావం. చాలామంది ఆ పద్యాన్ని గోడ మీద రాసుకుంటారు. చెడ్డ పద్యమని అనను. కానీ అందులో మనుషులు మూడు రకాలుగా ఉన్నారు గానీ విఘ్నాలు ఒకటే రకంగా ఉన్నాయి. ఎవరి విఘ్నం ఎంతది అన్న లెక్క లేదు. పదెకరాల మాగాణి ఉన్నవాడు ఎమ్మార్వో మీద కలెక్టరుకి అర్జీ పెట్టుకోవడమూ, ఆ ఎమ్మార్వో సంతకంతోనే రేపు పాసుపుస్తకం తెచ్చుకోవాల్సిన అరెకరం మనిషి పెట్టుకోవడమూ ఒకే ‘ఆరంభం’ కాదు. ఆ రెండో మనిషి ఆగిపోతే పద్యం అతన్ని మొదటి గంపలో వేసేస్తుంది. నీచుడు అన్న మాట బరువు, అరెకరం వాడి మీద పడినట్టు పదెకరాల వాడి మీద పడదు.

పిరికితనానికి మన దగ్గర ఉన్న బొమ్మ ఇంకొకటి ఉత్తరకుమారుడు. ‘ఉత్తరకుమార ప్రగల్భాలు’ అన్న మాట రాజకీయ నాయకుల పుణ్యమా అని ఇప్పటికీ పేపర్లలో బతికే ఉంది. 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో రేలంగి ఆ వేషం వేశాక ఆ బొమ్మ ఇంక చెరగలేదు. అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు కోతలు కోసి, కౌరవసేన కనబడగానే రథం దూకి పరుగెత్తినవాడు. నవ్వొస్తుంది, రావాల్సిందే. కానీ ఆ కథని అక్కడే ఆపేశాం మనం. భారతంలో అది అక్కడ ఆగదు.

మొదట ఆ కుర్రాడి పరిస్థితి చూడండి. దక్షిణం వైపు పశువుల్ని పట్టారని విరాటుడు సైన్యాన్ని తీసుకుని అటు వెళ్ళాడు. ఉత్తరం వైపు కౌరవులు వచ్చారు. భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు, కృపుడు, అశ్వత్థామ, అందరూ ఒకేచోట. వాళ్ళ ఎదురుగా ఈ కుర్రాడు, పక్కన నాట్యం నేర్పే బృహన్నల. ఆ సేనని చూసి భయపడకపోతే అది ధైర్యం కాదు, కంటిజబ్బు. వాడు పరుగెత్తాడు. బృహన్నల వెంటపడి జుట్టు పట్టుకుంది. బంగారం ఇస్తాను వదిలెయ్యమని బతిమాలాడు. ఇక్కడ అర్జునుడు చేసిన పని నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉంటుంది. ‘ఛీ పిరికివాడా’ అని వదిలెయ్యలేదు. యుద్ధం నేను చేస్తాను, నువ్వు గుర్రాలు తోలు అన్నాడు. వాడికి చేతనయ్యే పని ఒకటి ఇచ్చాడు. జమ్మిచెట్టెక్కి ఆయుధాలు దించమన్నాడు. శవంలా కట్టి ఉన్న ఆ మూటని ముట్టుకోవడానికీ వాడు భయపడ్డాడు, అయినా దించాడు. అర్జునుడినని చెబితే వెంటనే నమ్మలేదు కూడా. ఆ తర్వాత అదే సేన మధ్యలోకి అదే రథాన్ని తోలాడు. మధ్యలో ఒకసారి చేతులు వణికి, ఇంక నావల్ల కాదన్నాడు. అర్జునుడు మళ్ళీ ధైర్యం చెప్పాడు, మళ్ళీ తోలాడు.

కురుక్షేత్రం మొదటిరోజునే ఉత్తరుడు ఏనుగెక్కి శల్యుడి మీదికి వెళ్ళాడు, అతని గుర్రాల్ని చంపాడు, అతని చేతిలో చచ్చిపోయాడు. ఈ సంగతి ఎంతమందికి గుర్తుందో మీరే మీ స్నేహితుల్ని అడిగి చూడండి. పరుగెత్తిన ఒక్క పూట సామెతలో నిలిచిపోయింది, నిలబడి చచ్చిపోయిన పూట పుస్తకంలో ఉండిపోయింది.

పురాణం పక్కన పెట్టి ఏర్పేడుకి వస్తాను. రేణిగుంటకీ శ్రీకాళహస్తికీ మధ్య, పూతలపట్టు–నాయుడుపేట రోడ్డు మీద ఉన్న ఊరు. అటుగా వెళ్ళే బస్సుల్లో కూర్చున్నవాళ్ళు చాలామంది దాన్ని కిటికీలోంచే చూసి ఉంటారు. పేరులోనే ఏరు వినబడుతుంది. ఆ ఏరు స్వర్ణముఖి, చంద్రగిరి, తిరుచానూరు మీదుగా వచ్చి, ఏర్పేడు మండలం దాటి, శ్రీకాళహస్తి గుడి పక్కగా సముద్రం వైపు పోతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు అందులో నీళ్ళు కనబడవు, ఇసుకే కనబడుతుంది. ఊరికొత్తవాళ్ళు అది ఎండిపోయిన ఏరనుకుంటారు. ఒడ్డునున్న రైతు అలా అనుకోడు. వాన పడ్డప్పుడు వచ్చిన నీటిని పట్టి ఉంచేది ఆ ఇసుకే. బావుల్లో, బోర్లలో ఊరేది అదే. ఇసుక ఎత్తుకుపోతే ఏటి మట్టం కిందికి దిగుతుంది, దాంతోపాటు బావి నీళ్ళూ దిగుతాయి. మూడు, నాలుగు మీటర్లు తవ్విన గుంట పక్కన బోరు ఎందుకు ఎండిపోయిందో ఏ ఇంజనీరూ వచ్చి చెప్పక్కర్లేదు.

2016లో ఉచిత ఇసుక విధానం వచ్చింది. ఇసుక ఉచితం, రవాణా డబ్బులు మనవి. తిరుపతి పెరుగుతోంది, అటుపక్క చెన్నై ఎప్పుడూ ఆకలి మీదే ఉంటుంది. మునగలపాళెం రైతులు తమ పక్క ఏటిలోంచి అడ్డగోలుగా ఇసుక పోతోందని ఫిర్యాదు చెయ్యడానికి 2017 ఏప్రిల్ 21న ఏర్పేడు వచ్చారు. పోలీస్ స్టేషన్ ఎదుట గుమిగూడి ఉండగా, రోడ్డు మీద వేగంగా వచ్చిన ఒక లారీ కరెంటు స్తంభాన్ని గుద్ది వాళ్ళ మీదికి దూసుకొచ్చింది. చక్రాల కింద కొందరు, తెగిన కరెంటు తీగలు తగిలి కొందరు. కనీసం 15 మంది చనిపోయారు. ప్రమాదం అన్నారు. కుట్ర అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ మాట తేల్చడం ఈ వ్యాసం పని కాదు. పట్టపగలు, పోలీస్ స్టేషన్ ముందు, చేతిలో అర్జీ పెట్టుకుని నిలబడ్డ జనం. ఇంతకన్నా భద్రమైన చోట ఇంతకన్నా మర్యాదగా ఎవరూ తమ గోడు చెప్పుకోలేరు. నాకు పదే పదే గుర్తొచ్చేది ఇది.

వాళ్ళని ధైర్యవంతులు అనొచ్చా? అనొచ్చు. కానీ ఆ మాట అనగానే వాళ్ళు మనకన్నా వేరే జాతి మనుషులైపోతారు. వాళ్ళేం గుండె నిబ్బరంతో పుట్టలేదు. ఇసుక తోలేవాళ్ళంటే ఏటిగట్టు ఊళ్ళలో ఎవరికి భయం ఉండదు? రాత్రి పూట ట్రాక్టరు శబ్దం వినబడితే తలుపు తీసి చూడని ఇళ్ళు ఎన్నో. ఆ భయం ఉంటూనే ఇంకో భయం పెరిగింది, బోరు ఎండిపోతే పిల్లల చదువేంటి, పెట్టిన అప్పేంటి అని. రెండో భయం మొదటిదాన్ని మించిన రోజున వాళ్ళు బయల్దేరారు. నేను ఊహిస్తున్నదే ఇది, కానీ ఏటిగట్టు ఊళ్ళు తెలిసినవాళ్ళు ఎవరూ కాదనరనుకుంటాను.

ప్లేటో రాసిన ‘ఫీడో’లో సోక్రటీస్ చనిపోయే రోజున దీని గురించే ఒక మాట అంటాడు. మామూలు జనం పెద్ద భయానికి జడిసి చిన్న భయాన్ని ఓర్చుకుంటారు, అంటే భయం వల్లే ధైర్యవంతులవుతారు, ఇదేం వింత అని. ఆయన దృష్టిలో అది అసలు ధైర్యం కాదు, చిల్లర మార్చుకోవడం. ఒక భయం ఇచ్చి ఇంకో భయం కొనుక్కోవడం. జ్ఞానంతో వచ్చేదే నిజమైన ధైర్యం అంటాడు. విషం గిన్నె కోసం ఎదురుచూస్తూ శిష్యులతో ప్రశాంతంగా మాట్లాడుతున్న మనిషి అన్నాడు కాబట్టి కొట్టిపారెయ్యలేం. కానీ నేను ఇక్కడ సోక్రటీస్ పక్షం కాదు. ఆత్మ అమరమని నమ్మినవాడి ధైర్యం గొప్పదే, అయితే అది అతనికి కాస్త చవగ్గా దొరికింది. ఈ ఒంట్లో తప్ప ఇంకెక్కడా బతకననీ, ఈ పొలం తప్ప ఇంకోటి లేదనీ తెలిసిన మనిషి, లోపల ఇంకా భయపడుతూనే ఆటోలో ఎక్కి స్టేషన్ దాకా వెళ్ళడం చిల్లర బేరం ఎట్లా అవుతుంది? భయాల మధ్య ఎంచుకోవడమే అతని జ్ఞానం. దేనికి భయపడాలో తెలుసుకోవడం కదా అది.

ఇక ఆ తర్వాతి సంగతి. ఆ రోజు తర్వాత, ఆ మండలంలో కాదు, ఏ ఏటిగట్టు ఊళ్ళో అయినా, ఎవరో ఒకరు ‘మనకెందుకులే’ అన్నారనుకోండి. ఆ మనిషిని మనం పిరికివాడు అనగలమా? అతను లెక్క వేసుకున్నాడు. స్టేషన్ ముందు నిలబడ్డవాళ్ళకే అలా అయింది, ఒంటరిగా నేనెంత అని. ఆ లెక్క తప్పని చెప్పే ధైర్యం నాకు లేదు. అతన్ని తిట్టడానికి నాకు ఏ హక్కూ కనబడదు.

1950లలో అమెరికాలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగాల గురించి చాలామంది చదివే ఉంటారు. గదిలో ఒక గీత చూపించి, మూడు గీతల్లో దానికి సమానమైనది ఏదని అడుగుతారు. చిన్నపిల్లాడు కూడా చెప్పగలడు. కానీ గదిలో ఒక్కడు తప్ప మిగతావాళ్ళంతా ముందే మాట్లాడుకుని తప్పు జవాబు చెప్తారు. ఆ ఒక్కడు, కళ్ళెదుట నిజం కనబడుతున్నా, దాదాపు మూడింట ఒకసారి గుంపుతో కలిసి తప్పు చెప్పాడు. ఇది అందరికీ తెలిసిన భాగం. గుంపులో ఇంకొక్కరు, ఒకే ఒక్కరు, సరైన జవాబు చెప్పేలా చేస్తే ఆ లొంగుబాటు బాగా తగ్గిపోయింది. ఈ రెండో భాగాన్ని తక్కువమంది చెప్పుకుంటారు. మనిషి అతనే, గీతలూ అవే. ఒక్క తోడు వచ్చింది, అంతే. మరి తోడు లేనప్పుడు అతను పిరికివాడూ, తోడు రాగానే ధైర్యవంతుడూ అయ్యాడా? బృహన్నల ఉత్తరుడికి ఇచ్చింది కూడా ధైర్యం కాదు, తోడు. మునగలపాళెం వాళ్ళు ఒకరొకరుగా కాక ఊరుగా కదిలారు. లారీ లేకపోతే ఆ లెక్క సరైనదే.

అయితే తోడు ఒక్కటే చాలదు. నోరు విప్పే ముందు, ఈ మాట అనడానికి నేనెవరు అన్న ప్రశ్న ఒకటి అడ్డం నిలుస్తుంది. దీని గురించి ఆలోచిస్తే మళ్ళీ ఏర్పేడే గుర్తొస్తుంది, ఈసారి వేరే కారణానికి. 1926లో అక్కడ వ్యాసాశ్రమం పెట్టిన మలయాళస్వామి (1885–1962) కేరళలో వేలప్పగా పుట్టినవాడు. తిరుమలలో గోగర్భం దగ్గర ఏళ్ళ తరబడి తపస్సు చేసి, ఆ తర్వాత ఏర్పేడు వచ్చాడు. స్వామి చూపించిన మోక్షం మీద నాకు అభిప్రాయం ఏమీ లేదు. నాకు ఆసక్తి ఆయన పెట్టుకున్న తగాదా మీద. వేదాంతం చదవడానికి ఫలానా కులాలవాళ్ళకి, ఆడవాళ్ళకి ‘అధికారం’ లేదు అన్న మాట మీద ఆయన ‘శుష్కవేదాంత తమోభాస్కరం’ అనే పుస్తకమే రాశాడు. రాయడంతో ఆపకుండా అన్ని కులాలవాళ్ళకీ, స్త్రీలకీ సంస్కృతం, వేదాంతం చెప్పించాడు. దానికి పండితుల నుంచి వ్యతిరేకత రాకుండా ఎలా ఉంటుంది?

అధికారం అన్న మాట ఇప్పుడు మనకి పదవి, పెత్తనం. అప్పటి శాస్త్రభాషలో అర్హత. నాకు ఆ పాత అర్థం ఇంకా చచ్చిపోలేదనిపిస్తుంది, నోట్లోంచి గుండెలోకి దిగిందంతే. ఆత్మవిశ్వాసం లేదు అని మనం దేన్ని అంటున్నామో అది చాలాసార్లు, ‘నీకు అధికారం లేదు’ అని తరతరాలుగా విన్నవాడు ఆ మాటని సొంత గొంతుతో తనకి తాను చెప్పుకోవడమే. అందుకే వ్యక్తిత్వ వికాసం క్లాసులు చూస్తే నాకు చిరాకు. అద్దం ముందు నిలబడి నేను సింహాన్ని అని ఇరవైసార్లు అనమంటారు. వాడి ఆత్మలో లోపం ఉన్నట్టు, దాన్ని ఆరువేలు ఫీజు కట్టి బాగుచేసుకోవాల్సినట్టు. మలయాళస్వామి సింహాలు అనిపించలేదు. పుస్తకం చేతికిచ్చి కూర్చోబెట్టాడు.

అదే ఏర్పేడు దగ్గర ఇప్పుడు ఐఐటీ ఉంది, ఐసర్ ఉంది. రెండూ 2015లో తిరుపతిలో తాత్కాలిక భవనాల్లో మొదలై అక్కడికి వచ్చాయి. మా అక్క కూతురు చదివేది అక్కడ కాదు, ఆ చుట్టుపక్కలే ఇంకో ఇంజనీరింగ్ కాలేజీ. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మొదటి ఏడాది ఒక్క ప్రశ్న కూడా అడగలేదంట. ఎందుకే అంటే, “అందరికీ అర్థమైనట్టుండాది మామా, నాకొక్కదానికే కాలేదనుకున్నా” అంది. తర్వాత హాస్టల్లో తెలిసింది, ఆ గదిలో ఉన్న ఆరుగురిలో ఐదుగురు అదే అనుకుంటూ కూర్చున్నారని. ఒకరి మౌనాన్ని చూసి ఇంకొకరు మౌనం. ఇంగ్లీషులో వ్యాకరణం తప్పు పోతుందేమోనని, ప్రశ్నని మనసులో మూడుసార్లు కుట్టుకుని విప్పుకునేసరికి గంట కొట్టేస్తారంట. ఆ పిల్లని లెక్చరర్లు ‘షై’ అన్నారు. షై కాదు. ఇంటికొస్తే ఊరంతా వినబడేట్టు మాట్లాడుతుంది. ఆమెకి నోరుంది, ఆ గదిలో మాట్లాడే అధికారం ఉందన్న నమ్మకం లేదు. రెండో ఏడాది ఒక మేడమ్ ‘తెలుగులో అడగండి, నేను ఇంగ్లీషులో చెప్తా’ అన్నాక ఆ క్లాసు క్లాసే మారిపోయిందంట. ఒక్క వాక్యం. ఫీజు లేదు.

ఇంత చెప్పాక, మరి పిరికితనం అనేది లేనే లేదా, అంతా పరిస్థితులేనా అని మీరు అడగొచ్చు. ఉంది. దాన్ని మనం తప్పుచోట వెతుకుతున్నామంటున్నాను. పోయేది తక్కువ, దాచుకోవడానికి నీడ ఎక్కువ ఉన్నవాళ్ళు గమ్మునుండడం పిరికితనం. పెన్షన్ వస్తున్న మేష్టారు, వేరే ఊళ్ళో ఉద్యోగం ఉన్న కొడుకు, సంతకం పెట్టినా ట్రాన్స్‌ఫర్ తప్ప ఇంకేమీ కాని అధికారి, పేరు చెప్పక్కర్లేని పత్రిక, పార్టీలో ఇరవై ఏళ్ళ నుంచి ఉన్న పెద్దమనిషి – వీళ్ళ మౌనానికి ఆ మాట సరిగ్గా అతుకుతుంది. వీళ్ళ భయం ఖర్చు వీళ్ళు కట్టరు. కింద ఉన్న ఇంకొకడు కడతాడు. వీళ్ళలో ఒక్కరు ఆ గదిలో సరైన గీత చూపించినా, అరెకరం వాడికి రెండో గొంతు దొరికేది. తమాషా ఏమిటంటే వీళ్ళని మనం పిరికివాళ్ళు అనం. లౌక్యం తెలిసినవాళ్ళు, బ్యాలెన్స్‌డ్‌గా ఉంటారు అంటాం. పిరికి అన్న మాటని మాత్రం, తలుపు గడియ పెట్టుకుని ట్రాక్టరు శబ్దం వినే ఇంటి కోసం దాచుకుంటాం.

రాజ్యానికి కూడా ఇది వర్తిస్తుంది. అక్రమాల్ని బయటపెట్టేవాళ్ళని కాపాడే చట్టం పార్లమెంటులో పాసై 2014లో రాష్ట్రపతి ఆమోదం పొందింది. ఏళ్ళు గడిచినా దాన్ని అమల్లోకి తేలేదు. సాక్షుల రక్షణ పథకాన్ని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆమోదించి, అన్ని రాష్ట్రాలూ పాటించాలని చెప్పాల్సి వచ్చింది. ఇంత పెద్ద యంత్రాంగం, ఇన్ని తుపాకులు, ఇన్ని జీపులు ఉండి, ఒక సాక్షికి నీడ ఇవ్వడానికి ఇంత జంకితే, సాక్షి కోర్టులో మాట మార్చాడని తిట్టే నైతిక హక్కు ఎవరికుంది? ‘హోస్టైల్’ అని రాసేస్తారు ఫైల్లో. ఎవరికి ఎవరు ఎదురు తిరిగారో ఆ మాటలో తెలీదు.

మా చిన్నాన్న ఏటిగట్టునే ఉంటాడు, ఏర్పేడు కాదు, కిందికి ఇంకో ఊరు. పోయిన పండక్కి వెళ్ళినప్పుడు రాత్రి పన్నెండు దాటాక ఏటివైపు నుంచి ట్రాక్టర్ల చప్పుడు. ఎవరూ ఏమీ అడగరా అన్నాను. మంచంలో అటు తిరిగి పడుకునే, “అడిగేదానికి ఎవరుండారు నాయినా, గమ్మునుండు” అన్నాడు. నేను ఊరుకున్నాను గానీ ఆయనే ఊరుకోలేదు. కాసేపాగి, ఎదురింటాయన బోరు కూడా రెండు నెలలుగా గాలి కొడతా ఉందనీ, వడ్డిపల్లె వైపు ఇద్దరు ముగ్గురు కూడా ఇదే అనుకుంటా ఉండారనీ, అయితే ఎవరి నోటి నుంచి ముందు రావాలనేదే పేచీ అనీ చెప్పుకొచ్చాడు. “నువ్వొస్తావా?” అని కూడా అడిగాడు, సగం ఎగతాళిగా. వస్తానన్నాను. “నువ్వొచ్చి ఏం జేస్తావులే, అర్జీ రాసియ్యి చాలు” అన్నాడు. తెల్లారి కూర్చుని రాసిచ్చాను. ఒకటిన్నర పేజీ. సర్వే నంబర్లు ఆయనే చెప్పాడు, అన్నీ నోటికొచ్చు.

మొన్న ఫోన్ చేశాడు. సోమవారం గ్రీవెన్స్‌కి తిరుపతికి పోతున్నారంట. మొత్తం తొమ్మిది మంది. ఒక ఆటో చాలదని రెండు మాట్లాడుకున్నారు. ఆడవాళ్ళు ముగ్గురు కూడా వస్తామన్నారంట, వాళ్ళని ముందు కూర్చోబెట్టాలా వెనక్కా అని ఇంకా వాదన నడస్తా ఉంది.